ఆపరేషన్ దాకా ఆగని కష్టాలు: ఒక బేరియాట్రిక్ కేసు

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం మా క్లినిక్‌కి వచ్చిన 43 ఏళ్ల మహిళ కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నేను సర్జన్‌ని కాదు, ఆపరేషన్‌కి ముందు పేషెంట్లను చూసే ఫిజీషియన్‌ని. అందుకే ఆపరేషన్ ఎలా జరిగిందన్నది ఇందులో పెద్దగా ఉండదు. లిస్టులో పేరు ఎక్కినప్పటి నుంచి థియేటర్‌లోకి వెళ్లేదాకా ఆమె రోజులు ఎలా గడిచాయి, వాటిలో మేం మార్చగలిగింది ఏమిటి, మార్చలేకపోయింది ఏమిటి అన్నది చెప్పాలని నా ప్రయత్నం. సర్జరీ తర్వాతి ఫలితాల గురించి బోలెడంత రాసుకుంటాం. ఈ మధ్యకాలానికి మాత్రం కేసు షీటులో దక్కేది ‘వెయిటింగ్’ అన్న ఒక్క మాట.

రెఫరల్ లెటర్‌లో ఉన్నది ఇంతే. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చూపే లెక్క) 46. ఆరేళ్లుగా టైప్-2 షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 7.9. బీపీ. రెండు మోకాళ్లలో అరుగుదల. గురక. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఆఫీసులో రికార్డుల విభాగంలో ఉద్యోగం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ 1991లో పెట్టిన ప్రమాణం ప్రకారం బీఎంఐ 40 ఉన్నా, 35 ఉండి జబ్బులు తోడైనా ఆపరేషన్‌కి అర్హత ఉన్నట్టే. 2022లో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘాలు ఏఎస్ఎంబీఎస్, ఇఫ్సో దాన్ని జబ్బులతో నిమిత్తం లేకుండా 35కి దించాయి. ఆసియా జాతులవారికి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఏ లెక్కన చూసినా ఈమెకి అర్హత ఉంది. అది తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఎండోస్కోపీ, స్లీప్ స్టడీ, గుండె పరీక్షలు, విటమిన్లు, ఐరన్ చూడడం, సైకాలజిస్టు అసెస్‌మెంట్, డబ్బు మంజూరు కావడం, థియేటర్‌లో వంతు రావడం మాత్రం నెలల తరబడి సాగుతాయి.

మొదటి విజిట్

హాల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆమె గోడకి ఆనుకుని నిలబడ్డారు. మోకాళ్ల నొప్పి అని లెటర్‌లో రాసి ఉన్న మనిషి అంతసేపు నిలబడి ఉండడం చూసి మా నర్సు కారణం అడిగింది. ఇంతకుముందు వేరే చోట చూపించుకున్నప్పుడు, చేతులున్న కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా తనతోపాటే లేచిందట. ‘నవ్వినవాళ్లని మర్చిపోయాను. చూడనట్టు తల తిప్పుకున్నవాళ్లే ఇంకా గుర్తున్నారు’ అన్నారు.

బీపీ చూద్దామని మామూలు కఫ్ చుట్టి గాలి కొడుతుంటే సగంలోనే వెల్‌క్రో పర్రున ఊడిపోయింది. చేత్తో అదిమిపట్టి మళ్లీ చూస్తే 168/100. ఆమె చేతి చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. మామూలు పెద్దవాళ్ల కఫ్ 27 నుంచి 34 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. ఈమెకి 45 నుంచి 52 సైజుది కావాలి. అది తెప్పించి చూస్తే 150/92 వచ్చింది. ఎక్స్‌ట్రా లార్జ్ కఫ్ అవసరమైనవాళ్లకి మామూలు కఫ్ వాడితే పై బీపీ సగటున 19.5 పాయింట్లు ఎక్కువ చూపిస్తుందని 2023లో వచ్చిన ఒక ట్రయల్ తేల్చింది. ఈమెకి ఇన్నాళ్లూ డోసు పెంచుతూ పోయింది కొంత జబ్బు వల్ల, కొంత కఫ్ వల్ల.

అయినా 150 తక్కువేమీ కాదు. మందు వేసుకుంటున్నానంటున్న మనిషికి ఎందుకు దిగలేదో అర్థం కాలేదు. ఏ టైముకి వేసుకుంటారని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఆమె వేసుకునే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కూడా కలిసి ఉంది. ఆఫీసు టాయిలెట్ ఇరుకు, లోపల తిరగడానికి చోటు ఉండదు. దానికితోడు దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. అందుకని ఆఫీసు రోజుల్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టరు. మాత్ర మానేస్తారు, లేదా రాత్రికి వేసుకుంటారు. రాత్రి వేసుకుంటే నాలుగైదుసార్లు లేవాలి. గురకతో అంతంతమాత్రంగా ఉన్న నిద్ర అలా పూర్తిగా పాడవుతుంది. పొద్దున తలనొప్పి, మలబద్ధకం, ఏడాదిలో రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్ ముందు ఈ బీపీ చూసి అనస్థీషియా డాక్టరు వెనక్కి పంపితే కేసు షీటులో ‘బీపీ అదుపులో లేదు’ అని ఎక్కేది. టాయిలెట్ సంగతి ఎక్కేది కాదు.

ఫారంలో తేలింది

జీవన నాణ్యత కొలవడానికి మేం ఐడబ్ల్యూక్యూఓఎల్-లైట్ అనే ఫారం వాడతాం. బరువు వల్ల బతుకులో వచ్చే ఇబ్బందుల గురించి 31 ప్రశ్నలు ఉంటాయి. శరీరం చేయగలిగే పనులు, ఆత్మగౌరవం, దాంపత్యం, నలుగురిలో ఇబ్బంది, ఉద్యోగం అని ఐదు భాగాలు. 100 వస్తే ఇబ్బందే లేనట్టు, 0 అయితే అంతకంటే దిగజారడానికి ఏమీ లేనట్టు. ఎస్ఎఫ్-36 లాంటి ఫారాలు ఏ జబ్బుకైనా పనికొస్తాయి, ఒక జబ్బుని ఇంకోదానితో పోల్చి చూడడానికి అవే మంచివి. కుర్చీలో ఇముడుతానో లేదో అన్న భయం గురించి మాత్రం అవి అడగవు.

ఆమె మొత్తం స్కోరు 35. శరీరం పనులు 34, ఆత్మగౌరవం 21, దాంపత్యం 31, నలుగురిలో ఇబ్బంది 40, ఉద్యోగం 56. ఆ 56 చూసి ఆఫీసులో పర్వాలేదనుకుంటే పొరపాటే. పై అరల్లోంచి ఫైళ్లు దించలేదన్న మాట రాకూడదని ఆమె భోజనం టైములో కూడా కూర్చుని పక్కవాళ్ల ఎంట్రీలు చేసిపెట్టేవారు. స్కోరు నిలబెట్టింది ఆ అదనపు చాకిరీయే. అంకెలు చూశాక ఒక్కో జవాబు దగ్గర ఆగి మాట్లాడకపోతే ఈ ఫారం నింపించి లాభం లేదని నేను నమ్ముతాను.

స్థూలకాయంతో బతకడం ఎంత బరువో అనుభవించనివాళ్లకి తెలియజెప్పడం కష్టం. స్వీడన్‌లో స్థూలకాయం ఉన్నవాళ్ల మీద 1987లో మొదలైన ఎస్ఓఎస్ అధ్యయనంలో చేరినవాళ్ల వివరాలు 1993లో వచ్చాయి. వాళ్ల మానసిక స్థితి కీళ్లవాతం ఉన్నవాళ్ల కంటే, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కంటే అధ్వానంగా ఉన్నట్టు తేలింది. 1991లో, ఆపరేషన్ అయి బాగా బరువు తగ్గిన 47 మందిని ఇంకో ప్రశ్న అడిగారు. మళ్లీ పాత బరువుకి వెళతారా, దాని బదులు వేరే వైకల్యంతో బతుకుతారా అని. పది మందిలో తొమ్మిది మంది ఒక కాలు పోయినా ఫర్వాలేదన్నారు. చూపు పోయినా ఫర్వాలేదన్నవాళ్లు కూడా దాదాపు అంతమందే. ఆ అంకె చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

బీఎంఐని బట్టి ఈ బాధ లెక్కకట్టలేం. ఇదే 46 ఉన్న ఇంకొకరికి స్కోరు 70 రావచ్చు. లిస్టులో వరస మాత్రం బీఎంఐ, షుగర్, గుండె చూసే నడుస్తుంది. నిద్ర లేక, నీళ్లు తాగక, కూర్చోడానికి భయపడుతూ గడిపే రోజులకి అందులో మార్కులు లేవు.

దాచిన జవాబులు

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగదలుచుకున్నది ఇక్కడ.

మొదటిసారి డిప్రెషన్ ఫారం, అంటే పీహెచ్‌క్యూ-9, నింపినప్పుడు ఆమెకి వచ్చింది 27కి 4. ఇందులో అంకె పెరిగేకొద్దీ డిప్రెషన్ ఎక్కువున్నట్టు. ఆత్మగౌరవం 21 ఉన్న మనిషికి అది నమ్మశక్యం కాని అంకె. తర్వాతి విజిట్‌లో సైకాలజిస్టు ఫారం పక్కన పెట్టి, ‘మీరు ఏం చెప్పినా లిస్టులోంచి మీ పేరు తీసెయ్యం. ఆపరేషన్ అయ్యాక మీకు ఏ సాయం కావాలో తెలుసుకోడానికే అడుగుతున్నాం’ అని చెప్పింది. మళ్లీ నింపితే 14 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండనే ఆలోచనల గురించి అడిగేది, దానికి ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టారు.

ఆ రోజు మిగతా పనులన్నీ ఆపేశాం. ఎప్పుడు వస్తాయి ఆ ఆలోచనలు, ఏం చేయాలనిపిస్తుంది, చేతికి అందేలా ఏమున్నాయి అని సూటిగా అడిగాం. అలా అడిగితే ఆలోచన ఇంకా పెరుగుతుందన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. ఫలానాది చేసుకోవాలన్న ఉద్దేశం ఆమెకి లేదు. పొద్దున లేవకపోతే బాగుండన్న అలసట అది. సైకియాట్రిస్టు అదే వారం చూశారు. ఆలోచన ముదిరితే ముందు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి ఇచ్చాం. ఆమె ఒప్పుకున్నాకే భర్తతో మాట్లాడాం.

అప్పుడే ఇంకోటి బయటపడింది. వారానికి రెండుసార్లు, అందరూ పడుకున్నాక, ఆకలి లేకపోయినా ఆయాసం వచ్చేదాకా గబగబా తినడం, ఆపుకోలేకపోవడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. ఇది బింజ్ ఈటింగ్ డిజార్డర్. వారానికి ఒకసారైనా, మూడు నెలలపాటు ఉంటే ఆ పేరు పెట్టొచ్చని మానసిక జబ్బులను నిర్ధారించడానికి వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పుస్తకం చెబుతోంది. ఈమెకి ఏడాది దాటింది. ఎందుకు చెప్పలేదంటే, ‘చెబితే ఆపరేషన్ ఇవ్వరన్నారు’ అన్నారు.

ఎవరన్నారో నేను అడగలేదు. ఆ మాట పేషెంట్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. 2016లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం ఈ ఆపరేషన్‌కి వచ్చేవాళ్లలో 19 శాతం మందికి డిప్రెషన్, 17 శాతం మందికి బింజ్ ఈటింగ్ ఉన్నాయి. రెండూ ఆపరేషన్‌కి శాశ్వతంగా అడ్డుపడే జబ్బులు కావు. కనుక్కుని వైద్యం చేయాల్సినవి. కానీ మానసిక అసెస్‌మెంట్‌ని గుమ్మం దగ్గర కాపలావాడిలా నిలబెడితే లోపలికి రావాలనుకునేవాళ్లు మంచి జవాబులే చెబుతారు. సాయం అత్యవసరమైనవాళ్లే అందరికంటే బాగా దాస్తారు.

ముందు ఏం మొదలుపెట్టాం

‘ఇవన్నీ ఆపరేషన్ అయ్యాక వాటంతటవే పోతాయి’ అన్నది ఈ రంగంలో బాగా అలవాటైపోయిన మాట. చాలావరకు నిజమే కూడా. అయితే అప్పటిదాకా ఆమె బతకాలి కదా. అందుకని వేటికి ఇప్పుడే వైద్యం ఉందో వాటిని ఎత్తుకున్నాం.

మొదటిది మాత్ర. మూత్రం పెంచే మందు తీసేసి వేరే రకం ఇచ్చాం. ఆపరేషన్ తర్వాత ఒంట్లో నీళ్లు తగ్గే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎలాగూ అప్పుడు ఆపాల్సిందే. నీళ్లు తాగడం మొదలైంది. కటి కండరాల వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పింది. మూడు నెలలు పట్టింది, చుక్కలు పడడం పూర్తిగా ఆగలేదు కానీ ప్యాడ్ లేకుండా బయటికి వెళ్లగలిగారు.

రెండోది నిద్ర. స్లీప్ స్టడీలో గంటకి 41 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో కనిపించింది. 30 దాటితేనే తీవ్రం అంటాం. పగటి మత్తు కొలిచే ఎప్‌వర్త్ స్కేలులో 24కి 15. నిద్రలో ఊపిరి దారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మెషీన్ ఇచ్చాం. మొదటి వారం ఆమె దాన్ని ద్వేషించారు. ముక్కూ నోరూ మూసే మాస్కు పక్కలనుంచి గాలి కారి కళ్లలోకి కొట్టేది, అర్ధరాత్రి పీకి పారేసేవారు. ముక్కు వరకే ఉండే చిన్న మాస్కుకి మార్చి, గాలి ఒత్తిడి మెల్లగా పెరిగేలా సెట్ చేశాక రాత్రికి ఐదు గంటలు దాటింది. ఎప్‌వర్త్ 7కి దిగింది. ఇందులో నేను ఊహించనిది ఒకటి జరిగింది. మూడేళ్లుగా భర్త వేరే గదిలో పడుకుంటున్నారు. తన ఒళ్లు చూసి అసహ్యం వేసిందనే ఆమె అనుకుంటూ వచ్చారు. గురక ఆగిన వారానికి ఆయన తిరిగి వచ్చారు. ‘నిద్ర పట్టక వెళ్లాను, నువ్వడగలేదు’ అన్నారట. ఆ మూడేళ్లలో ఇద్దరూ దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

మూడోది చర్మం. రొమ్ముల కింద, పొట్ట మడతలో ఎర్రగా ఒరుసుకుపోయి, ఫంగస్ పట్టి, వాసన. వాసన వస్తుందన్న భయంతోనే ఆమె పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశారు. ఈసీజీ తీసేటప్పుడు నర్సు చూసింది కాబట్టి తెలిసింది. పూత మందు, తడి లేకుండా మడతలు ఆరబెట్టుకోవడం, మధ్యలో పలచటి నూలు గుడ్డ. మూడు వారాల్లో తగ్గింది. ఇంత తేలికైన వైద్యం ఇన్నేళ్లు అందకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. బట్ట తొలగించి మడతలు చూడడం పరీక్షలో భాగం కావాలి. సిగ్గుపడేది పేషెంటే కాదు, చాలాచోట్ల మనమే.

మోకాళ్లకి తొడ కండరాల వ్యాయామాలు, సైకాలజిస్టు దగ్గర వారం వారం సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునేలా మాటలతో చేసే వైద్యం), డైటీషియన్‌తో వేళకి తినే పద్ధతి, తక్కువగా ఉన్న విటమిన్ డీ, ఐరన్ భర్తీ చేయడం కూడా పక్కపక్కనే నడిచాయి.

ఆరు నెలలకి బరువు 114.6 కిలోలు. తగ్గింది 3.4 కిలోలే. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందన్న లెక్క ఉంది కాబట్టి ఇది పూర్తిగా వృథా కాదు. కెనడాలోని అల్బర్టాలో 500 మందిని రెండేళ్లు గమనించినప్పుడు లిస్టులో ఎదురుచూసినవాళ్లు సగటున 1.5 కిలోలే తగ్గారు, ఆపరేషన్ అయినవాళ్లు 22 కిలోలు తగ్గారు. ఆపరేషన్‌కి బదులు ఇవి సరిపోతాయని నేను అనడం లేదు.

బరువు దాదాపు అక్కడే ఉన్నా జీవన నాణ్యత స్కోరు మాత్రం 35 నుంచి 49కి పెరిగింది. ఈ ఫారంలో 8 నుంచి 12 పాయింట్లు పెరిగితేనే మనిషికి తేడా తెలుస్తుందంటారు. శరీరం పనులు 57, ఉద్యోగం 75, దాంపత్యం 44, ఆత్మగౌరవం 32. ఆరు నిమిషాల నడకలో 290 మీటర్లు నడిచే మనిషి 365 నడిచారు. పీహెచ్‌క్యూ-9 8కి వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకి జవాబు ‘లేదు’. బింజ్ నెలకి ఒకటి రెండుసార్లకి తగ్గింది.

నలుగురిలో ఇబ్బంది మాత్రం అప్పుడూ 40, ఇప్పుడూ 40. ఒక్క పాయింటు కదల్లేదు. సీట్లు వెడల్పు కాలేదు, బస్సులో పక్కన కూర్చోబోయి ఆగిపోయేవాళ్లు ఆగిపోతూనే ఉన్నారు. అది ఆమె లోపల ఉన్న జబ్బు కాదు, మా మందులతో తగ్గడానికి.

వాయిదా

తేదీ ఖరారైంది. ఆపరేషన్ ముందు కాలేయం చిన్నదై, కడుపు దగ్గరికి పరికరాలు తేలిగ్గా వెళ్లాలని రెండు వారాలు రోజుకి 800 నుంచి 1000 కేలరీల ద్రవాహారం ఇస్తాం. ఆమె పది రోజులు నిష్ఠగా చేశారు. అప్పుడు థియేటర్ షెడ్యూల్ తారుమారై తేదీ రద్దయింది. కొత్త తేదీ ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ పది రోజుల్లో తగ్గిన నాలుగు కిలోలు మూడు వారాల్లో తిరిగి వచ్చాయి. అందులో ఎక్కువ భాగం నీరే, రావడం సహజం. ఆమె మాత్రం దాన్ని తన చేతకానితనంగా లెక్కేసుకున్నారు. బింజ్ మళ్లీ వారానికి ఒకటైంది. పీహెచ్‌క్యూ-9 13. ఆరు నెలలు కష్టపడి ఎక్కించుకున్న ఆత్మగౌరవం తిరిగి 21.

వాయిదా పడడమనే దానికి వైద్యపరంగా మాకు ఒక పద్ధతంటూ లేకపోయింది. రద్దు కబురు ఆఫీసు స్టాఫ్ ఫోన్‌లో చెప్పి పెట్టేసేవారు. ద్రవాహారం ఎలా ఆపాలి, షుగర్ మందుల డోసు మళ్లీ ఎంతకి మార్చాలి అన్నది కూడా ఆ ఫోన్‌లో ఉండేది కాదు. ద్రవాహారంలో ఉన్నప్పుడు షుగర్ మందులు తగ్గించి ఉంచుతాం, మామూలు తిండికి వెళ్లగానే అదే డోసులో వదిలేస్తే షుగర్ పెరిగిపోతుంది. ఇప్పుడు రద్దు సంగతి డాక్టరో నర్సో స్వయంగా చెబుతారు, అదే ఫోన్‌లో మందులు సరిచేస్తారు, మూడో రోజుకి సైకాలజిస్టు పలకరిస్తుంది. బరువు తిరిగి వస్తుందని, అది వాళ్ల తప్పు కాదని ముందుగానే చెబుతాం. కొత్త తేదీ తెలియకపోయినా నర్సు వారానికోసారి ఫోన్ చేసి ‘ఇంకా తెలియలేదు’ అనైనా చెబుతుంది. ఆ ఒక్క ఫోనే తనని నిలబెట్టిందని ఈమె తర్వాత అన్నారు.

ఆపరేషన్ ముందు

రెండోసారి తేదీ వచ్చేసరికి పీహెచ్‌క్యూ-9 9, మొత్తం స్కోరు 47. బీపీ సరైన కఫ్‌తో 134/84, హెచ్‌బీఏ1సీ 7.1. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, నిర్ణయించారు.

ఆఖరి విజిట్‌లో రాబోయేదాని గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎస్ఓఎస్ అధ్యయనంలో పదేళ్లు చూస్తే జీవన నాణ్యత మొదటి ఏడాదికి శిఖరానికి చేరింది, తర్వాత ఆరో ఏడు దాకా బరువు కొంత తిరిగొచ్చేకొద్దీ కొంత దిగింది, అక్కడినుంచి దాదాపు నిలకడగా ఉంది. దిగినా, ఆపరేషన్ ముందున్న దానికంటే మెరుగ్గానే ఉంది. మూడో ఏటో నాలుగో ఏటో కాస్త దిగులుగా అనిపిస్తే అన్నీ పోయాయని అనుకోకుండా మా దగ్గరికి రమ్మన్నాను. బింజ్ కోసం సీబీటీ ఆపరేషన్ తర్వాత కూడా సాగుతుంది.

సీపాప్ మెషీన్ హాస్పిటల్‌కి తెచ్చుకోవాలా అని అడిగారు. తప్పకుండా తెచ్చుకోవాలి. మత్తు, నొప్పి మందుల ప్రభావంతో మొదటి రాత్రే ఊపిరి ఆగే ప్రమాదం ఎక్కువ, వార్డులో పెట్టేది అలవాటైన మాస్కే అయితే మంచిది. బరువు తగ్గింది కదా అని ఇంటికెళ్లాక తనంతట తాను మానేయకూడదు, మళ్లీ స్లీప్ స్టడీ చేసి చూసి మేమే చెబుతాం. 31 ప్రశ్నల ఫారం మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి మళ్లీ నింపిస్తాం. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీలు, సైకాలజిస్టు నంబరు, ఆమె చేతికి సరిపడే కఫ్ సైజు రాసి ఇచ్చాం.